'వర్తమానం' - పాత పత్రికల భాషలో ఒక మాట: అల్లపల్లి, సిరోంచ సరిహద్దు నుంచి ఒక పరిశీలన

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, అహేరి తాలూకాలో ఉన్న అల్లపల్లిలో తెలుగు ఇంట పుట్టి మరాఠీ బడికి వెళ్ళే పిల్లవాడికి 'వర్తమాన' అన్న మాట కనీసం మూడు చోట్ల ఎదురవుతుంది. వ్యాకరణ పాఠంలో అది 'వర్తమానకాళ్', అంటే జరుగుతున్న కాలం. అదే పుస్తకంలో మరికొన్ని పుటల తరవాత 'వర్తమానపత్ర' వస్తుంది. అంటే రోజూ పొద్దున వచ్చే పేపరు. ఇంటికి వస్తే పెద్దవాళ్ళ నోట 'పెళ్ళి కుదిరిందని వర్తమానం పంపారు' అని వినబడుతుంది. అది మనిషి చేత చెప్పి పంపిన కబురు. ఇంట్లో పూజ చేయించుకునే అలవాటుంటే నాలుగో చోటు కూడా ఉంది. సంకల్పంలో పురోహితుడు 'వ్యావహారిక చాంద్రమానం' అనడానికి ముందు వచ్చే మాట ఇదే. ఈ నాలుగూ ఒకే మాట అని పిల్లవాడికి ఎవరూ చెప్పరు. చెప్పవలసిన అవసరమూ వాడికి కలగదు.

గోదావరికి ఇవతలి గట్టున, తెలుగు బడిలో చదివిన పిల్లవాడికి ఇందులో ఒక అర్థం దక్కలేదు. 'వర్తమానం' అంటే పత్రికలో వచ్చే వార్త అన్న అర్థం అతనికి తెలియదు. తొలినాటి తెలుగు పత్రికల్లో ఒకటి ఆ మాటనే పేరుగా పెట్టుకుంది కనుక ఇది కొంత ఆశ్చర్యం కలిగించే విషయమే. తెలుగు విడిచిపెట్టిన అర్థం పక్క భాషలో నిలిచి, ఆ రెండు భాషలూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్న చోటు అల్లపల్లి. మద్రాసులో అచ్చయిన పత్రికల మాట ఎత్తుకుని అల్లపల్లి నుంచి మొదలుపెట్టడానికి కారణం అదే.

ఈ ప్రాంతం ఎలా ఏర్పడిందో ముందు రెండు మాటలు చెప్పుకోవాలి. అల్లపల్లి చుట్టూ ఉన్న టేకు అడవి అహేరి రాజగోండు జమీందారీలోది. ఆ జమీందారీ చాందాతో పాటు నాగపూరు భోంస్లేల ఏలుబడిలో ఉండేది. మూడవ రఘూజీ భోంస్లే 1853లో వారసుడు లేకుండా చనిపోగా 1854లో కంపెనీవారు నాగపూరు రాజ్యాన్ని కలుపుకున్నారు. దక్షిణాన ప్రాణహిత ఎడమ గట్టున ఉన్న సిరోంచ అలా కాదు. అది నిజాం రాజ్యంలోది. 1860 నాటి ఒడంబడికతో నిజాం గోదావరి, ప్రాణహితల ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. వాటితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. సిరోంచ దానికి ముఖ్యపట్టణమైంది. 1874లో ఆ జిల్లాను రద్దు చేసి, భద్రాచలం వైపు భాగాన్ని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు ఇచ్చి, సిరోంచను చాందా జిల్లాలో ఒక తహసీలుగా మార్చారు. ఆ తరవాత ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లోను, 1956 నుంచి ద్విభాషా బొంబాయి రాష్ట్రంలోను, 1960 మే 1 నుంచి మహారాష్ట్రలోను ఉంది. 1982 ఆగస్టు 26న చంద్రపూరు జిల్లా నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. ఇన్ని మార్పుల్లోనూ ఇక్కడి తెలుగువారు కదలలేదు. పైనున్న కచేరీ భాషే మారుతూ వచ్చింది.

అంటే ఒకే అడవి దారికి రెండు చివరల ఉన్న అల్లపల్లి, సిరోంచలు 1850ల దాకా రెండు వేరు రాజ్యాలవి. ఒకదానికి మోడీ లిపిలో రాసే మరాఠీ ఉత్తరాల సంప్రదాయం పక్కనే ఉంది. రెండోదానికి హైదరాబాదు ఫారసీ కచేరీ భాష పక్కనే ఉంది. 'వర్తమానం' మొదటి దారినా, 'ఖబర్', 'అఖ్బార్' రెండో దారినా నడిచాయి. ఈ రెండు దారులూ తెలుగులో కలిశాయి.

ఇక మాట సంగతి. సంస్కృతంలో 'వృత్' ధాతువుకు తిరగడం, ఉండడం, జరగడం అని అర్థాలు. దాని నుంచి వచ్చిన శత్రర్థక రూపం వంటిది 'వర్తమాన', అంటే 'ఉన్నట్టిది, జరుగుతున్నట్టిది'. వార్త, వృత్తాంతం, ప్రవృత్తి కూడా ఆ ధాతువు పిల్లలే. అమరకోశం వార్త, ప్రవృత్తి, వృత్తాంతం, ఉదంతం అనే నాలుగింటినీ పర్యాయపదాలుగా చెప్పింది. అందులో 'వర్తమానం' లేదు. సంస్కృతంలో దానికి 'సమాచారం' అన్న అర్థం ప్రధానం కాదు. ఆ అర్థాన్ని పెంచి పెద్దచేసినవి దేశభాషలే. మరాఠీ, తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం అన్నీ ఈ పనిలో పాలు పంచుకున్నాయి. మలయాళంలో అది ఇంకొక అడుగు వేసింది. అక్కడ 'వర్తమానం' అంటే మామూలు మాటామంతీ కూడా. మనకు ఫారసీ దారిన వచ్చిన 'కబురు' బహువచనంలో 'కబుర్లు' అయ్యేసరికి పొద్దుపోని మాటలైనట్టే ఇదీ. వార్త మోసే మాటలకు చివరకు కాలక్షేపంలోకి జారడం ఒక అలవాటు కాబోలు.

'ఉన్నట్టిది' అన్న మాట 'సమాచారం' ఎలా అయిందో తెలియాలంటే ఉత్తరాల వైపు చూడాలి. పేష్వాల కాలపు మరాఠీ ఉత్తరాల్లో 'ఇకడీల్ వర్తమాన', అంటే 'ఇక్కడి వర్తమానం', అన్నది తరచు కనబడే ఎత్తుగడ. ఇక్కడ ఉన్న స్థితి ఇది, అక్కడి స్థితి మీరు రాయండి అని దాని భావం. ఇక్కడ రెండు సంగతులు గమనించదగినవి. ఒకటి, వర్తమానానికి ఎప్పుడూ ఒక చోటు ఉంటుంది. ఇక్కడి వర్తమానం, నాగపూరు వర్తమానం, దండు వర్తమానం అంటారే గాని ఊరూ పేరూ లేని వర్తమానం ఉండదు. రెండు, దానికి ఒక మనిషి ఉంటాడు. ఎవరో పంపుతారు, ఎవరికో చేరుతుంది. తెలుగులో 'వర్తమానం పంపు', 'వర్తమానం తెచ్చు', 'వర్తమానం అందు' అన్న పలుకుబళ్ళన్నీ ఈ రెండో లక్షణాన్ని దాచుకున్నవే. 'వర్తమానం చదివాను' అన్న పలుకుబడి మనకు స్థిరపడలేదు. మాట పత్రికల్లోకి వెళ్ళీ అక్కడ నిలవకపోవడానికి ఒక కారణం అక్కడే ఉందని నా అభిప్రాయం.

పత్రికల సంగతికి వద్దాం. క్రైస్తవ ప్రచారం కోసం 1835లో వెలువడిన 'సత్యదూత'ను పక్కన పెడితే, మద్రాసులో మండిగల వేంకటరామశాస్త్రి 1838లో నడిపిన 'వృత్తాంతి', సయ్యద్ రహమతుల్లా 1842లో మొదలుపెట్టిన వారపత్రిక 'వర్తమాన తరంగిణి' తెలుగులో తొలి వార్తాపత్రికలు. రెండు పేర్లూ 'వృత్' ధాతువు నుంచి వచ్చినవే. కాని రెండింటి చూపు ఒకటి కాదు. 'వృత్తాంతం' అన్నప్పుడు జరిగి ముగిసినదాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పడం ఉంది. ఆ మాటలోనే 'అంతం' కూర్చుని ఉంది. 'వర్తమానం'లో ముగింపు లేదు. 'తరంగిణి' అంటే ఏరు. కల్హణుడి 'రాజతరంగిణి' గడిచిన రాజుల ఏరు అయితే ఇది నడుస్తున్న సంగతుల ఏరు. కాశ్మీర చరిత్ర మనసులో పెట్టుకునే ఈ పేరు పెట్టారని నేను వాదించను. అయితే రెండు పేర్లనూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఒక ముస్లిం సంపాదకుడు, ఇంటి భాషలో అఖ్బార్, ఖబర్ సిద్ధంగా ఉండగా, తెలుగు పాఠకుడి కోసం సంస్కృత సమాసాన్ని ఎంచుకోవడం కూడా చెప్పుకోదగ్గదే. బాలశాస్త్రి జాంభేకర్ 1832లో బొంబాయిలో 'దర్పణ్' పెట్టారు. ఆ వెనుక వచ్చిన మరాఠీ పత్రికల్లో 1840 నాటి 'ముంబయి అఖ్బార్' ఉంది. అక్కడ మరాఠీ సంపాదకుడు ఫారసీ వైపు వెళ్ళగా ఇక్కడ రహమతుల్లా సంస్కృతం వైపు వచ్చారు. మతాన్ని బట్టి భాష ఎంపికను ఊహించేవారు ఈ రెండు పేర్లనూ ఒకసారి చూడాలి.

'వర్తమాన తరంగిణి' అన్న పేరును నేటి పాఠకుడు 'ప్రస్తుత తరంగాలు' వంటి అర్థంలో తీసుకునే ప్రమాదం ఉంది. పేరులో ఉన్నది ప్రస్తుత కాలం కాదు, కబుర్లు. 1852 నాటి బ్రౌను నిఘంటువులో ఈ మాటకు సమాచారం, ప్రస్తుత కాలం అన్న రెండర్థాలూ ఉన్నాయి. ఆ తరానికి రెండూ బతికే ఉన్నాయన్న మాట. అయితే పత్రిక పేరులోకి వచ్చేసరికి ఉత్తరాల కాలపు రెండు లక్షణాలూ పోయాయి. 'ఎక్కడి' అన్న షష్ఠి లేదు. 'ఎవరికి' అన్న చతుర్థి లేదు. చందా కట్టిన ప్రతివాడికీ, అన్ని చోట్లవీ కలిపి ఒకే వర్తమానం. మాటకు ఇది పెద్ద మార్పు. నిఘంటువులో రెండు వరుసల్లో ఒదిగిపోతుంది గాని, ఊళ్ళో మనిషి నోట విన్నదానికీ ముక్కూ మొహం తెలియనివాడు అచ్చేసినదానికీ ఒకే పేరు పెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఇంగ్లీషువాడి 'న్యూస్' కొత్తదనం మీద ఆధారపడిన మాట. పాతబడితే అది న్యూస్ కాదు. 'వర్తమానం' కొత్తదనం మీద కాక ఉనికి మీద ఆధారపడింది. ఒక ఊళ్ళో వాన లేదంటే, వారం తరవాత కూడా లేకపోతే, అది అప్పటికీ వర్తమానమే. పంతొమ్మిదో శతాబ్దపు పత్రికల్లో ధాన్యం ధరవరలు, వానలు, జబ్బులు, ఓడల రాకపోకలు చూసి, వేరే సరుకు లేక పుటలు నింపారని మనవాళ్ళు కొందరు తేల్చేస్తుంటారు. ఆ తీర్పు 'న్యూస్' అన్న మాటతో కొలిచినది. 'వర్తమానం'తో కొలిస్తే అసలు సరుకు అదే. ఒక చోటు ఎలా ఉంది అన్నది తెలియజేయడమే ఆ మాట పని.

సిరోంచ చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. బేరారు పత్తిని నీటి దారిన సముద్రానికి చేర్చాలని ఆర్థర్ కాటన్ తలపెట్టిన గోదావరి జలరవాణా పథకం 1860ల్లో ఈ జిల్లాకు ప్రాణం. దారిలో మూడు రాతి అడ్డంకులు. దుమ్ముగూడెం దగ్గర మొదటిది, ఇంచంపల్లి దగ్గర రెండవది, ప్రాణహిత మీద దేవలమరి దగ్గర మూడవది. కాలువలు తవ్వి వీటిని దాటించాలని ఏళ్ళ తరబడి పని చేసి, ఖర్చు పెరిగి, చివరకు 1871లో మానేశారు. ఇటువంటి పని 'న్యూస్' అయ్యేది రెండు రోజులే, మొదలుపెట్టిన రోజు, మానేసిన రోజు. నది ఒడ్డున ఉన్నవాడికి కావలసింది మధ్య ఉన్న రోజులన్నీ: ఈ నెల నీరు ఎంత ఉంది, పడవ ఎందాకా వస్తుంది, కూలి ఎంత ఇస్తున్నారు. అది వర్తమానం. పని ఆగిన మూడేళ్ళకే జిల్లా కూడా పోయింది.

మిషనరీల చేతిలో ఈ మాట మరొక మలుపు తిరిగింది. పీటర్ పెర్సివల్ 1855లో తమిళంలో 'దినవర్తమాని' మొదలుపెట్టారు. అదే పేరుతో 1862లో తెలుగు పత్రిక వచ్చింది. 'దిన' అని ఉంది కదా అని దాన్ని దినపత్రిక అనుకోకూడదు. తమిళ 'దినవర్తమాని' వారానికి ఒకసారి వచ్చేది. 'ఆ దినాల సంగతులు చెప్పేది' అని అర్థం గాని 'రోజూ వచ్చేది' అని కాదు. పత్రికల పట్టికలు తయారుచేసేవారు పేరును బట్టి వర్గీకరిస్తే ఇలాంటి చోట పొరపాటు పడతారు.

అంతకన్నా లోతైనది బైబిలు అనువాదాల సంగతి. క్రీస్తు శుభసందేశాన్ని మరాఠీలో 'శుభవర్తమాన' అన్నారు. నాలుగు శుభవార్తల గ్రంథాలకూ మరాఠీలో నేటికీ అదే పేరు. తెలుగులో గ్రంథాల పేర్లలో 'సువార్త' స్థిరపడింది. లోపల వచనాల్లో మాత్రం 'సువర్తమానము' మిగిలింది. లూకా సువార్తలో గొర్రెల కాపరులతో దేవదూత చెప్పే చోట తెలుగు పాఠకులు దాన్ని చూస్తారు. పదిహేడు, పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందటి సంగతిని 'వర్తమానం' అనడం కాలం లెక్కన వింత. మాటకున్న పాత లక్షణం లెక్కన వింత కాదు. పంపినవాడు ఉన్నాడు, తెచ్చినవాడు ఉన్నాడు, విన్నవాళ్ళు ఉన్నారు. పత్రిక పేరులో పోయిన చతుర్థి ఇక్కడ తిరిగి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికన్ మెథడిస్టులు సిరోంచలో మిషను పెట్టారు. ప్రాణహిత గట్టున మరాఠీ 'శుభవర్తమాన', తెలుగు 'సువార్త' ఒకదానికొకటి అందేంత దూరంలో ఉన్నాయి. ఒకే గ్రంథం ఒక భాషలో ఒక పేరుతోను, రెండో భాషలో దాని తోబుట్టువు పేరుతోను నడిచింది.

మరి తెలుగులో పత్రికార్థం ఎందుకు నిలవలేదు? ఒక కారణం బడి అని తోస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తరవాత వ్యాకరణం చదివిన ప్రతి తెలుగు విద్యార్థికీ 'వర్తమానం' అంటే మొదట గుర్తుకు వచ్చేది 'వచ్చుచున్నాడు' వంటి క్రియారూపం. భూత భవిష్యత్తుల మధ్య బెంచీ మీద కూర్చోబెట్టిన మాట మళ్ళీ పత్రిక మొదటి పుటలోకి రావడం కష్టమైంది. ఇది ఒక్కటే కారణమైతే మరాఠీలోనూ పోవాలి. అక్కడా 'వర్తమానకాళ్' ఉంది. తేడా ఏమిటంటే మరాఠీవారు దానికి 'పత్ర' జోడించి సమాసంగా బిగించారు. వర్తమానపత్ర అన్నప్పుడు ఏ కాలమా అన్న సందేహం రాదు. తెలుగువారు ఆ జోడింపును 'వార్త'తో చేశారు, వార్తాపత్రిక అన్నారు. సమాసంలోకి ఎక్కిన మాట బతికింది, ఎక్కనిది కబురు దగ్గరే ఆగిపోయింది. తంతి వచ్చాక ఈ పని మరింత సులువైంది. తీగ మీద వచ్చేదానికి తెచ్చే మనిషి కనబడడు. 'తంతివార్త' చెవికి ఇంపుగా ఉంది. 'తంతి వర్తమానం' అంటే తీగకు కాళ్ళు వచ్చినట్టుంటుంది.

'పత్రిక' సంగతి ఒక చిన్న పక్కదారి. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో 'ఆంధ్రపత్రిక'ను బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించారు. 1914లో మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. బొంబాయిలో మరాఠీ ఇంటివాడికి 'పత్రిక' అంటే జాతకం, లేదా పెళ్ళి శుభలేఖ. పేపరుకు అతని మాట వర్తమానపత్ర. అల్లపల్లి వంటి చోట 'పత్రిక వచ్చిందా?' అని తెలుగులో అడిగితే, అడిగినది పేపరు గురించా, పెళ్ళి గురించా అని ఎదుటివాడు ఒక క్షణం ఆలోచించవలసి వస్తుంది. ఇక నిజాం రాష్ట్రంలో తెలుగు పత్రికలు గట్టిగా తలెత్తేసరికి, 1922లో 'నీలగిరి పత్రిక', 1926లో 'గోలకొండ పత్రిక', పేర్లలో 'వర్తమానం' జాడే లేదు. బెంగాలీలో 1984లో 'వర్తమాన్' పేరుతో దినపత్రిక వచ్చింది గాని అక్కడ దాని అర్థం 'నేటి కాలం'. రహమతుల్లా వాడిన మాటతో దానికి రూపంలోనే పోలిక.

తెలుగు పత్రికల చరిత్రల్లో సిరోంచ, అహేరి తాలూకాల పేర్లు కనబడవు. చరిత్ర అంటే అచ్చయిన పత్రికల జాబితా అనుకుంటే అది న్యాయమే. మాటల చరిత్ర అనుకుంటే మాత్రం ఇక్కడి తెలుగువాడి దగ్గర ఉన్న సాక్ష్యం మద్రాసు గ్రంథాలయంలో లేదు. మరాఠీలో 'వర్తమానపత్ర' చదివి, తెలుగులో 'వర్తమానం' పంపే మనిషికి, 1842 నాటి పత్రిక పేరు విడమరిచి చెప్పనక్కరలేదు. భాషాపరిశోధకులు ఈ తాలూకాల తెలుగును మరాఠీ కలిసిన తెలుగుగా చూసి, కలిసిన మాటలు ఏరి పక్కన పెట్టడం ఒక పద్ధతి. 'వర్తమాన' వంటి మాటల దగ్గర ఆ పద్ధతి చెల్లదు. ఏది మరాఠీ నుంచి వచ్చింది, ఏది తెలుగులో ముందే ఉండి ఇక్కడ మిగిలింది అన్నది ఒక్కొక్క మాటకూ విడిగా తేల్చాలి. ఏరిపారేసిన మాటల్లో మన పాత తెలుగే ఉండవచ్చు.

పంపినవాడు, అందుకునేవాడు ఉండే పాత అర్థానికి ఈ నది ఒడ్డున ఇంకా పని ఉంది. కాళేశ్వరం దిగువన మేడిగడ్డ బరాజ్ 2019లో ప్రారంభమైంది. వెనుక నీటితో తమ పొలాలు మునుగుతున్నాయని సిరోంచ వైపు రైతులు అప్పటి నుంచీ చెబుతూ వచ్చారు. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు ఈ తాలూకాలో ఊళ్ళు ఖాళీ చేయించవలసి వచ్చింది. బరాజ్ ఒక రాష్ట్రానిది, మునిగే పొలం మరొక రాష్ట్రానిది. గేట్లు మూస్తున్నారా, ఎత్తుతున్నారా అన్న సంగతి మర్నాటి మరాఠీ పేపర్లో 'బాతమీ'గానూ, తెలుగు పేపర్లో వార్తగానూ వస్తుంది. పొలం గట్టున ఉన్నవాడికి కావలసింది ముందు రోజు సాయంత్రం ఎవరో ఒకరు తన పేరున పంపే వర్తమానం.